వెట్టి లేదని రాయించుకొచ్చిన మెంబరు

నాగర్‌కర్నూలుకు మూడు కోసుల దూరంలో ఎర్రవాగుపల్లె అని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో బాలస్వామిని జనం కడదాకా "మెంబరు" అనే పిలిచారు. మెంబరు గడ్డివాము, మెంబరు ఎద్దులు, మెంబరు చెలక. నిజానికి ఆయన హైదరాబాదు శాసనసభలో సభ్యుడిగా ఉన్నది రెండేళ్లు కూడా నిండలేదు. ఆ సభలో నోరు తెరిచింది ఒకే ఒక్కసారి. అదీ భయంభయంగా. ఎవరైనా ఆ సంగతి అడిగితే ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "ఎట్లనో ఒడ్డున పడ్డం" అనేవాడు.

బాలస్వామి తండ్రి ఊరి పటేలు భూమి కౌలుకు చేసేవాడు. కౌలుతోపాటు చాకిరీ కూడా ఉండేది. వారానికోసారి పటేలింటి కాగితాలు నాగర్‌కర్నూలు తాసీలు కచేరికి మోసుకుపోవాలి, జవాబు వచ్చేదాకా అక్కడే పడి ఉండాలి. పంతొమ్మిది వందల ముప్పై మూడులో ముసలాయనకు మోకాళ్లు పట్టేశాయి. ఆ నడక ఇరవై రెండేళ్ల బాలస్వామి మీద పడింది. అప్పటికి ఆయనకు పెళ్లయి ఏడాది. భార్య జములమ్మది గద్వాల దిక్కు. మాట కరుకు, మనసు మెత్తన.

కచేరి పక్కనే సర్కారు బడి. జవాబు కోసం ఎదురుచూస్తూ బాలస్వామి బడి కిటికీ కింద కూర్చునేవాడు. లోపల పిల్లలు ఉర్దూ అక్షరాలు పాడుతుంటే బయట ఈయనా పెదవులు కదిపేవాడు. మెల్లగా గొంతు కూడా కలిపాడు. ఒకరోజు పంతులు అబ్దుల్ రహమాన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏంది, నా పిల్లలకంటే నువ్వే జోరుగ చదువుతున్నవు? లోపలికి రా."

"నాకు పెండ్లయింది సాబ్," అన్నాడు బాలస్వామి సిగ్గుపడి.

"పెండ్లయినోళ్లకు అక్షరం రాదని ఎవరన్నరు? రా, వచ్చి కూసో."

అట్లా వారానికొకరోజు చొప్పున నాలుగేళ్లు చదువు సాగింది. ఏడెనిమిదేళ్ల పిల్లల మధ్య తలపాగా చుట్టిన మనిషి మోకాళ్లు ముడుచుకుని పలక పట్టుకుని కూర్చుంటే పిల్లలు నవ్వేవాళ్లు. బాలస్వామీ వాళ్లతోపాటు నవ్వేవాడు. నాలుగేళ్లయ్యేసరికి ఉర్దూ కాగితం చదివి తెలుగులో చెప్పగలిగే మనిషి ఎర్రవాగుపల్లెలో పటేలు కాకుండా ఇంకొకడు తయారయ్యాడు.

ఆ రోజుల్లో ఊరికి సర్కారు కాగితం వచ్చిందంటే పొయ్యిలో నిప్పు ఆరిపోయినంత పని. ఎవరి భూమి పోతుందో, ఎవరిని పట్టుకుపోతారో తెలియదు. జనం కాగితం పట్టుకుని బాలస్వామి వాకిట్లోకి వచ్చేవాళ్లు. ఆయన వేలు పెట్టి చదివి, "ఏం లేదు. పసులకు గాలికుంటు రోగమొచ్చిందట, మందేస్తరట, తోలుకపొమ్మన్నరు" అనేవాడు. వచ్చినవాళ్లు అక్కడే కూలబడి మంచినీళ్లు అడిగేవాళ్లు. కాగితంలో ఉన్నది తెలిస్తే సగం భయం పోతుందని బాలస్వామికి ఆ వాకిట్లోనే అర్థమైంది.

నలభై ఐదో సంవత్సరం ఎండాకాలంలో ఒక పెద్ద అధికారి అమ్రాబాద్ అడవిలో క్యాంపు పెట్టాడు. దారి పొడుగునా ఊళ్లవాళ్లు వెట్టికి మూటలు మోయాలని కబురు వచ్చింది. ఎర్రవాగుపల్లె నుంచి పదకొండు మంది పోయారు. బాలస్వామి తమ్ముడు కురుమూర్తి వంతుకు అధికారి స్నానానికి వేడినీళ్లు కాచే రాగి గంగాళం వచ్చింది. దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుంటే ముందు దారి కనిపించదు. మన్ననూరు ఘాటు ఎక్కేటప్పుడు కాలు జారింది. గంగాళంతో సహా లోయలోకి దొర్లాడు. గంగాళాన్ని పైకి లాగి దాని సొట్టలు చూసుకున్నారు కానీ మనిషిని చూసినవాళ్లు లేరు. రెండు దినాల తర్వాత చెంచులు కర్రలమీద మోసుకొచ్చి దిగువన ఉన్న ఊళ్లో అప్పగించారు. విరిగిన కాలు వంకరగా అతుక్కుంది. ఇరవై ఆరేళ్ల కురుమూర్తి ఆనాటి నుంచి కట్టె పట్టుకుని నడిచాడు.

తరువాతి ఏడాది హైదరాబాదులో కొత్త శాసనసభ పెడుతున్నారని తెలిసింది. పట్టాదార్లకు కొన్ని సీట్లు, వ్యాపారులకు కొన్ని, కౌలుకు దున్నేవాళ్లకు కొన్ని. కాంగ్రెసువాళ్లు ఆ ఎన్నికలు మాకు వద్దన్నారు. దాంతో ఆ దిక్కు కౌలుదార్ల సీటుకు నిలబడే మనిషే దొరకలేదు. పటేలు బాలస్వామిని పిలిపించాడు.

"ఉర్దూల దస్కతు జేస్తవు, మన మాట దాటవు. నిలబడు. పోయి చెయ్యెత్తమన్నప్పుడు చెయ్యెత్తి రా."

అంతే. పోటీ లేదు. బాలస్వామి శాసనసభ్యుడయ్యాడు.

ఊరంతా సంబరపడింది కానీ ఇంట్లోవాళ్లు కాదు. జములమ్మ తమ్ముడు వెంకట్రాములు గద్వాలలో కాంగ్రెసుతో తిరిగేవాడు. సంగతి విని మండిపడి రైలెక్కి వచ్చాడు. "బావా, గది సభ గాదు, బొమ్మల కొలువు. ఆడ నీ అసోంటోళ్లను వరుసగ గూసోబెడ్తరు. జనం మొకాన ఎట్ల తిరుగుతవు?" అని కడిగేశాడు. బావమరిది మాటలో నిజముందని బాలస్వామికీ తెలుసు. కానీ తమ్ముడు కట్టె పొడుచుకుంటూ వాకిలి దాటే చప్పుడు రోజూ వింటున్న మనిషి. వెట్టి వద్దన్న మాటను అనాల్సిన చోటికి పోయి ఒక్కసారైనా అనాలని లోపల ఉంది. ఆ సంగతి పటేలుకు చెప్పలేదు, భార్యకు కూడా చెప్పలేదు. అబ్దుల్ రహమానుకు చెప్పాడు.

"సవాలు, అంటే సభల అడిగే ప్రశ్న, రాతల రాసియ్యాలె. నేను నేర్పిస్త," అన్నాడు పంతులు. "అయితే ముందుగాల షేర్వానీ గావాలె. ధోతి మీద కమీజుతోని పోతే దర్వాజ కాడనే ఆపుతరు."

పంతులు షేర్వానీ బాలస్వామికి భుజాల దగ్గర సరిపోయింది కానీ చేతులు జానెడు పొట్టి. పంతులు భార్య సకీనాబీ పాత గుడ్డ అతికి చేతులు పొడిగించింది. అతుకు రంగు కొంచెం తేడా. "చేతులు కట్టుకొని నిలబడు బేటా, ఎవరికీ కనబడదు" అని ఉపాయం చెప్పి పంపింది.

నలభై ఏడు మొదట్లో బాలస్వామి జడ్చర్లలో రైలెక్కి హైదరాబాదు పోయాడు. బాగేఆం తోటలోని టౌన్‌హాలులో సభ. తెల్లటి మెట్లు, ఎత్తైన తలుపులు, మెత్తటి కుర్చీలు. జాగీర్దార్లు, వకీళ్లు, సాహుకార్లు. వాళ్ల ఉర్దూ ముందు తన బడి ఉర్దూ ఎర్రమట్టి అంటిన కాలిలా ఉంది. తొమ్మిది రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పదో రోజు ఆయన సవాలు వంతు వచ్చింది.

లేచి చదివాడు. పంతులు వందసార్లు చెప్పించిన నాలుగు వాక్యాలు. మా తాలూకాలో అధికారుల క్యాంపులకు జనంతో జీతం లేకుండా బరువులు మోయిస్తున్నారు, ఒక మనిషి కాలు విరిగింది, ఈ వెట్టి ఎప్పుడు ఆగుతుంది? ఆ ఒక మనిషి తన తమ్ముడని కాగితంలో లేదు. చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

సర్కారు తరఫున ఒక అధికారి లేచి తాపీగా జవాబు చెప్పాడు. ఈ రాజ్యంలో వెట్టి అన్నది లేదు. హుజూర్ ఫర్మానాతో, అంటే రాజాజ్ఞతో, ఎన్నడో రద్దయింది. ఏ ఊళ్లోనూ, ఏ అధికారీ వెట్టి చేయించడం లేదు. మెంబరుగారికి తప్పుడు కబురు అంది ఉంటుంది.

అంతటితో బాలస్వామి కూర్చోవాలి. కూర్చోలేదు. చెప్పించుకున్న ఉర్దూ అయిపోయింది. కడుపులో ఉన్న మాట తెలుగులోనే వచ్చింది.

"లేదంటే సంతోషమే సాబ్. గా లేదన్న మాటే జర కాగితమ్మీద రాసియ్యుండ్రి. మా ఊర్లోళ్లకు తెల్వదు. తీస్కపోయి జూపిస్త."

వెనక వరుసల్లో ఎవరో నవ్వారు. ఒక వరంగల్లు వకీలు లేచి ఆ మాటను ఉర్దూలో చెప్పాడు. అప్పుడు ముందువరుస వాళ్లూ నవ్వారు. అధ్యక్షుడు కూడా చిరునవ్వు నవ్వి, "సభలో చెప్పిన ప్రతి మాటా అచ్చవుతుంది, మెంబరుగారు ఒక ప్రతి తీసుకోవచ్చు" అన్నాడు. బాలస్వామి కూర్చున్నాడు. షేర్వానీ వీపంతా తడిసిపోయింది. అయినా ఎవరూ పట్టుకుపోలేదు. అది చాలనిపించింది.

అచ్చు కాగితం కోసం ఆయన మూడు రోజులు సభ కచేరి మెట్లమీద కూర్చున్నాడు. చివరికి ఒక గుమాస్తా విసుక్కుంటూ రెండు పుటలు చేతిలో పెట్టాడు.

ఊళ్లో జములమ్మ ఆ పుటలు తిప్పి చూసింది. "పదిహేను దినాలు ఆడ కూసోని తెచ్చింది గింతేనా? వాళ్లు లేదన్నరు, నువ్వు సరేనని వచ్చినవు!" బాలస్వామికీ అట్లాగే అనిపించి మొహం వేలాడేసుకుని నాగర్‌కర్నూలు పోయాడు. పంతులు ఆ కాగితం చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"అరె బాలస్వామీ, నువ్వేం తెచ్చినవో నీకు ఎరికనా? ఏ అధికారీ వెట్టి చేయిస్తలేడని సర్కారే ఒప్పుకున్నది. ఇగ రేపు ఎవడన్న వచ్చి వెట్టికి రమ్మంటే, వాడు సర్కారు మాట అబద్ధమన్నట్టే గదా!"

ఆ రోజే ఇద్దరూ కూర్చుని నకళ్లు రాశారు. పైన ఉర్దూ, కింద తెలుగు. చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు ఒక్కొక్కటి.

ఆ ఎండాకాలం మళ్లీ అమ్రాబాద్ క్యాంపు వచ్చింది. రెవెన్యూ గిర్దావరు మనుషులతో ఎర్రవాగుపల్లెకు వచ్చి పదిమందిని లేవమన్నాడు. గొర్రెలు కాసే ఎల్లయ్య ముందుకొచ్చాడు. చదువు రాదు. చేతిలో కాగితం గాలికి ఆకులా కొట్టుకుంటోంది.

"మేం రావొద్దని గాదు సాబ్," అన్నాడు. "వెట్టి లేదని సర్కారు అచ్చేసింది. ఇప్పుడు మేమొస్తే సర్కారు అబద్ధమాడినట్టయితది. సర్కారుకు చెడ్డపేరు మేమెట్ల తెస్తం?"

గిర్దావరు కాగితం తీసుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. చింపబోయి, అచ్చయిన మాట అని గుర్తొచ్చి ఆగాడు. మనుషుల్ని తీసుకుని వెళ్లిపోయాడు. వాళ్లు వాగు దాటేదాకా ఊరంతా చూస్తూ నిలబడింది. దాటాక యాదమ్మ అనే ముసలామె "పోయిండ్రా? నిజంగనే పోయిండ్రా?" అని అడిగింది. అప్పుడు అందరికీ ఒక్కసారిగా నవ్వొచ్చింది. క్యాంపు మూటలు ఆ ఏడు కిరాయి బండ్ల మీద పోయాయి. కురుమూర్తి అరుగుమీద కూర్చుని ఆ బండ్లు వాగు అవతల పోతుంటే చూశాడు. కాసేపటికి లోపలికి పోయి అన్న ముందు కూర్చుని, "అన్నా, ఆకలైతుంది" అన్నాడు. కాలు విరిగిన నాటి నుంచి నోరు తెరిచి అన్నం అడగడం అదే మొదలు.

సంతోషం పది రోజులు నిలిచింది. పదకొండో రోజు నాగర్‌కర్నూలు కచేరిలో ఉండే పై అధికారి తాలూక్‌దారు దగ్గరినుంచి బాలస్వామికి పిలుపు వచ్చింది. జనాన్ని సర్కారుకు ఎదురు తిప్పుతున్నాడని పటేలు అర్జీ పెట్టాడట. పిలుపు కాగితం బాలస్వామే చదువుకున్నాడు. ఈసారి చదివినా భయం పోలేదు. ఇచ్చిన గడువు తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు ఆయనకు అన్నం సయించలేదు. జైలు తప్పదని కొందరు, కౌలు భూమి పోయినట్టేనని కొందరు అన్నారు. బయలుదేరే నాడు జములమ్మ జొన్నరొట్టెల మూట చేతికిచ్చింది. మూట బరువుగా ఉంది.

"ఇన్నెందుకే?"

"జైలుల ఎట్ల పెడ్తరో ఏమో," అంది మొహం తిప్పుకుని.

తాలూక్‌దారు నడివయసు మనిషి. బల్లమీద ఒక పక్క పటేలు అర్జీ, ఇంకో పక్క బాలస్వామి నకలు. "ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగాడు.

"రాసిన చెయ్యి నాదే సాబ్. మాట సర్కారుది," అన్నాడు బాలస్వామి, అచ్చు కాగితం తీసి ముందు పెడుతూ.

ఆయన రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూశాడు. చివరికి తల ఎత్తాడు.

"ఒక్క అక్షరం తేడా లేదు. దీన్ని నేను తప్పంటే సర్కారును తప్పన్నట్టయితుంది. నన్ను మంచి ఇరకాటంల పెట్టినవయ్యా." పటేలు అర్జీని కట్టలో అడుగున దోపాడు. "ఇగ మీద క్యాంపులకు కిరాయి బండ్లే పెట్టుమని హుకుం రాస్త. నువ్వు ఇంటికి పో." తలుపు దాకా పోయాక మళ్లీ పిలిచాడు. "సవాలుల కాలిరిగిన మనిషని చదివినవట. ఎవరు?"

"నా తమ్ముడు సాబ్."

తాలూక్‌దారు కిటికీ వైపు చూశాడు.

బాలస్వామి కచేరి మెట్లు దిగి, బడి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పంతులు పరుగున వచ్చాడు. సంగతి విని పక్కనే నేలమీద కూర్చున్నాడు. రొట్టెల మూట విప్పారు. తొమ్మిది రోజుల ఆకలి ఒక్కసారి లేచింది. ఇద్దరూ తింటూనే ఉన్నారు.

కానీ కాలం అక్కడ ఆగలేదు. నలభై ఎనిమిది వచ్చేసరికి రజాకార్ల పేరు వింటే ఊళ్లు వణికేవి. బాలస్వామి సభకు పోవడం మానేసి, మెంబరుగిరీ వద్దని కాగితం రాసి టపాలో వేశాడు. జవాబు రాలేదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఎండలో సకీనాబీ ఒంటరిగా మూడు కోసులు నడిచి వచ్చింది. "రజాకార్లు నీ పేరు అడుగుతున్నరు బేటా. ఆయన చెప్పి రమ్మన్నడు. ఈ పొద్దే ఊరు ఇడిసిపెట్టు" అంది. వచ్చిన మాట చెప్పి, మంచినీళ్లు తాగి, వెంటనే తిరిగి పోయింది. బాలస్వామి, జములమ్మ గద్వాలకు, అక్కడినుంచి తుంగభద్ర దాటి కర్నూలుకు చేరారు. నడవలేనంటూ కురుమూర్తి మాత్రం ఊళ్లోనే ఉండిపోయాడు. కర్నూలులో వాళ్లను ఆదుకున్నది అప్పటికే అక్కడికి చేరిన వెంకట్రాములే. బొమ్మల కొలువు మాట అతను మళ్లీ ఎత్తలేదు. పన్నెండు ఊళ్ల కాగితం సంగతి అతని చెవిన కూడా పడింది.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు జడ్చర్ల బస్సులో ఎవరో, "ఇగ పాత సభ లేదు, మెంబర్లూ లేరు" అన్నారు. బాలస్వామి సీటుకు వెనక్కి ఆనుకున్నాడు. రెండేళ్లుగా భుజాలమీద ఉన్న షేర్వానీ ఎవరో తీసేసినట్టుంది. ఆ హాయి పది నిమిషాలే. పక్కన కూర్చున్న మనిషి ఇంకో సంగతి చెప్పాడు. రజాకార్లు పారిపోయారు, వాళ్లమీది కసి ఏ పాపం ఎరగని తురకల ఇళ్లమీద తీరుతోంది, కొన్ని ఊళ్లలో మనుషులు మిగల్లేదు.

నాగర్‌కర్నూలులో దిగి నేరుగా పంతులింటికి పరిగెత్తాడు. తలుపులు ఊడి ఉన్నాయి. లోపల పుస్తకాలు చిరిగి వాకిలంతా పడి ఉన్నాయి. పొరుగింటివాళ్లు తెలియదన్నారు. బాలస్వామి చిరిగిన కాగితాల మధ్య నిలబడిపోయాడు. జములమ్మ చెయ్యి పట్టి బయటికి లాగింది. ఊరి దారి పట్టారు.

ఇంటి ముందు కురుమూర్తి గడపకు అడ్డంగా కాలు చాపి కూర్చుని ఉన్నాడు. కట్టె పక్కన పడి ఉంది. చేతిలో గొడ్డలి. గడ్డం పెరిగి ఉంది. అన్నను చూసి గొడ్డలి కింద పెట్టాడు.

"వచ్చినవా. ఎనిమిది దినాల సంది గీడనే కూసున్న అన్నా. గుంపుగ మూడుసార్లొచ్చిండ్రు. ఇది మెంబరిల్లు, నన్ను నరికి లోపలికి పోండ్రి అన్న. ఎల్లయ్య, మనోళ్లందరు గొడ్డండ్లు పట్టుకొని ఎనక నిలబడ్డరు. తిరిగి పోయిండ్రు."

"లోపలెవరు?" అన్నాడు బాలస్వామి. అడిగేసరికే తెలిసిపోయింది.

వడ్ల గుమ్మి వెనకనుంచి అబ్దుల్ రహమాన్ బయటికి వచ్చాడు. ఆయన వెనకే సకీనాబీ, తలమీద జములమ్మ పాత చీర. పంతులు చిక్కిపోయాడు. బాలస్వామి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. జములమ్మ సకీనాబీని పట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే, "బువ్వ తిన్నరా లేదా?" అని అడిగింది. "మీ మరిది మాకు పెట్టి తనే తినలేదు" అంది సకీనాబీ. జములమ్మ కళ్లు తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

పంతులు దంపతులు దసరా దాటేదాకా ఎర్రవాగుపల్లెలోనే ఉన్నారు. బాలస్వామి పొద్దున్నే నాగలి కట్టి చెలకకు పోయేవాడు. ఊరికే కూర్చోలేక పంతులు తనకూ ఏదైనా పని చెప్పమన్నాడు. సజ్జచేను కాపలాకు పెట్టారు. మంచె ఎక్కి, ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి తిప్పి విసిరేవాడు. ఒక్క రాయీ పిట్ట దరిదాపులకు పోయేది కాదు. ఒకటి మాత్రం పోయి దున్నుతున్న బాలస్వామి ఎద్దుల ముందు పడింది.

"సాబ్, పిట్టలు గటు దిక్కున్నయి, నేను గిటు దిక్కున్న!" అని అరిచాడు బాలస్వామి.

మంచె మీద పంతులు పొట్ట పట్టుకుని నవ్వాడు. పిట్టలు హాయిగా సజ్జలు తింటూనే ఉన్నాయి.